కుడి చక్రం వెనక బొట్టు

"మూడోసారి అడుగుతున్నాను నజీర్ భాయ్. ఆ పిన్ను పెట్టారా, పెట్టడం మరిచిపోయారా?"

నజీర్ అహ్మద్ చేతిలోని నూనెగుడ్డను మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. వన్‌టౌన్ సందులో ఆయన గ్యారేజీ షట్టరు సగానికి దించి ఉంది. బయట గోడకు ఆనుకుని ఒక కానిస్టేబులు టీ తాగుతున్నాడు. సాయంత్రం ఐదయితే ఆయన్ని స్టేషనుకు తీసుకుపోవడానికి వచ్చిన మనిషి అతను.

"ముప్ఫైసార్లు అడుగు బెహన్," అన్నాడు చివరికి. "పెట్టాను. రెండువైపులా పెట్టాను. పెట్టి కొసలు మడిచాను. ఈ పని నలభై ఏళ్ళుగా సేత్తన్నాను."

"నలభై ఏళ్ళుగా వండుతున్న ఇల్లాలు కూడా ఒకరోజు కూరలో ఉప్పు మరిచిపోతుంది."

పక్కనే నిలబడ్డ షబ్నం ముఖం ఎర్రబడింది. నజీర్ కూతురు ఆమె. ఆ వీధి చివరే బ్యూటీపార్లర్ నడుపుతోంది. "ఆంటీ, నాన్నని కాపాడమని కదా మిమ్మల్ని పిలిచాను. మీరూ ఆళ్ళలాగే అడుగుతారేటి?"

"వాళ్ళు అడగబోయేది నేను ముందే అడిగేస్తేనమ్మా, రేపు కోర్టులో నాన్న తడబడడు," అంది కుసుమకుమారి.

ఆమెకు యాభై దాటాయి. హెడ్ కానిస్టేబులుగా చేసిన ఉద్యోగం వదిలేసి మద్దిలపాలెంలో ఒక గది అద్దెకు తీసుకుని డిటెక్టివ్ పని చేస్తోంది. పొద్దున్నే దీపం పెట్టి, ఇంటాయనకి టిఫిన్ చేసిపెట్టి బయలుదేరుతుంది. ఎవరు ఏం చెప్పినా తల ఊపుతుంది. ఊపినంత మాత్రాన నమ్మినట్టు కాదని ఆమెను ఎరిగినవాళ్ళకు తెలుసు.

ఇప్పుడు నజీర్‌నూ ఆమె పూర్తిగా నమ్మడం లేదు.

జరిగింది ఇదీ. శనివారం ఉదయం తిరుమలరావు తన పాత కాంటెసా కారులో సింహాచలం వెళ్ళాడు. అతను స్టీలుప్లాంటులో క్రేన్ ఆపరేటరు. దర్శనం చేసుకుని ఘాట్‌రోడ్డు దిగుతుంటే మలుపులో స్టీరింగు చేతిలో ఊరికే తిరిగిపోయింది. కారు వెళ్ళి కొండగోడను గుద్దింది. అప్పటినుంచి అతనికి తెలివి లేదు. పోలీసులు కారు కిందికి చూస్తే, ఎడమ చక్రాన్ని తిప్పే రాడ్డు ఊడి వేలాడుతోంది. రాడ్డును పట్టి ఉంచే నట్టు లేదు. ఆ నట్టు తిరిగి ఊడిపోకుండా అడ్డంగా దూర్చే పిన్ను కూడా లేదు. సీఐ నాగవంశీ అక్కడికక్కడే తేల్చేశాడు, మెకానిక్కు పిన్ను వెయ్యడం మరిచిపోయాడని. రేపు తిరుమలరావు ప్రాణానికి ఏమైనా అయితే, ఆ మరుపు నజీర్ మెడకు ఉరితాడు అవుతుంది.

"ఇంత పాత కారు ఆయనెందుకు కొన్నాడు?" అని అడిగింది కుసుమకుమారి.

నజీర్ ముఖంలోకి అప్పుడు కొంచెం వెలుగు వచ్చింది. "మోజు. కుర్రాళ్ళు దాన్ని మజిల్ కారంటారు. పొడుగాటి బోనెట్టు, పయిల్వాన్ భుజాలు. కొన్నోళ్ళంతా షెడ్డులో పెట్టి గుడ్డ కప్పుతారు, ఆదివారం ఫోటోలు దిగుతారు. ఈయన అలగ కాదు. 'నజీర్ భాయ్, నాకు బొమ్మ వద్దు. తెల్లారగట్ల షిఫ్టుకి ఎల్లాలంటే ఒక్క తాళానికే స్టార్టవ్వాలి. గాజువాక ట్రాఫిక్కులో వేడెక్కకూడదు. మా ఆవిడ రాణి కూకుంటే నడుం నొప్పి రాకూడదు' అన్నాడు."

అలాగే చేసిచ్చాడు నజీర్. రేడియేటరు లోపలి గొట్టాలు కొత్తవి వేశాడు. ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టాడు. సిగ్నల్ దగ్గర ఆగితే దగ్గి చచ్చిపోయే కార్బురేటరును దారికి తెచ్చాడు. పోర్టు లారీలు తిరిగే గుంతల రోడ్డుకు తగ్గ షాకబ్జార్బర్లు వెతికి తెచ్చాడు. స్టీరింగు రాడ్లకు చివర్లు కొత్తవి బిగించాడు. ఆ రోజునుంచీ తిరుమలరావు దాంట్లోనే డ్యూటీకి, దాంట్లోనే కూరగాయలకు. ఊరంతా ఆ నీలం కారును చూసింది.

ఊరంతా చూసింది. ఆ మాట కుసుమకుమారి మనసులో ఎక్కడో తట్టుకుంది. గుడ్డ కప్పి ఉంచిన కారైతే ఎవరు చూస్తారు?

"పిన్ను పెట్టానంటున్నారు. పెట్టినట్టు గుర్తేమైనా ఉందా?"

నజీర్ కూతురివైపు చూశాడు. షబ్నం ఆ పూటకు మొదటిసారి నవ్వింది.

"నా గోళ్ళరంగు ఆంటీ. పార్లర్లో పాతబడిన సీసాలన్నీ నాన్న పట్టుకొచ్చీస్తారు. నట్టు బిగించి, పిన్ను దూర్చాక, నట్టు మీంచి దాని కింద ఇనుము మీదికి ఒక ఎర్ర గీత గీస్తారు. నట్టు రవ్వంత తిరిగినా గీత రెండు ముక్కలవుతుంది. కిందనుంచి చూస్తే తెలిసిపోతాది."

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"మా కుర్రాళ్ళకి తెలుసు," అన్నాడు నజీర్. తరువాత గొంతు తగ్గింది. "తిరుమలరావు సాబ్‌కి తెలీదు. ఆయన కారు కింద దూరి చూసి, 'నజీర్ భాయ్, నట్టునట్టుకీ బొట్టు పెట్టావా' అని కళ్ళంట నీళ్ళు పెట్టుకున్నాడు. సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజ రోజున చక్రాల కింద నిమ్మకాయలు పెడతా పెడతా, వచ్చిన చుట్టాలందరికీ అదే చెప్పాడు. 'సాయిబుగారు నా కారుకి ఎలగ బొట్లు పెట్టాడో చూడండి' అని. అంత సంబరపడతన్న మనిషికి, కాదు సాబ్, అది ఆడపిల్లల గోళ్ళరంగు అని ఎలగ చెప్పను? ఊరుకున్నాను. అబద్ధం ఆడలేదు బెహన్. నిజమూ చెప్పలేదు."

"ఇంకేం చెప్పలేదు?"

నూనెగుడ్డ మళ్ళీ మడత పడింది.

"రంగు గీకినప్పుడు నీలం కింద తెలుపు కనబడ్డాది. ఎడమవైపు ముందు రేకు ఎప్పుడో బాగా నొక్కుకుపోతే, సాపు చేసి పుట్టీ పెట్టి దాచీసారు. హెడ్‌లైటు గిన్నె వెనకాల సందులో ఒక ముక్క ఇరుక్కుని ఉంది. వెండి కడియం ముక్క. సగమే. కొసన చేప తల చెక్కి ఉంది. అది నాది కాదు కదా, ఆయనకే ఇచ్చీసాను. కారులో దొరికిన వెండి లక్ష్మీదేవి అన్నాడు. డాష్‌బోర్డు మీద సింహాచలం అప్పన్న పటం ముందు మైనంతో అంటించుకున్నాడు."

కుసుమకుమారి కుర్చీలోంచి లేచింది. ఎందుకు లేచిందో ఆ తండ్రీకూతుళ్ళకు అర్థం కాలేదు.

పాతికేళ్ళ కిందట ఆమె కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల గంపతో జాలరిపేటకు వస్తున్న సన్యాసమ్మ అనే మనిషిని చీకట్లోనే ఒక కారు గుద్ది పోయింది. తెల్ల కారు అని ఎవరో అన్నారు, అంతకుమించి ఏమీ తేలలేదు. శవం పక్కన తెల్లారేదాకా కూర్చున్నది కుసుమకుమారే. ఆ చేతికి విరిగిన వెండి కడియం ఉంది. చేపతోక చెక్కిన సగం. తల ఉన్న సగం కోసం రోడ్డంతా వెతికారు, దొరకలేదు.

ఆ సంగతి ఆమె ఇప్పుడు ఈ తండ్రీకూతుళ్ళకు చెప్పలేదు. "షబ్నం, నువ్వు నాతో రా. ఆ రంగు సీసా కూడా తీసుకో," అంది.

*

కొండ కింద స్టేషను ఆవరణలో కాంటెసా లేదు అనుకున్నంత పనైంది. పాత కార్ల బ్రోకరు అబ్బులు తన క్రేను బండి కొక్కెం తగిలించి, కారు ముందుభాగాన్ని అప్పటికే గాల్లోకి లేపేశాడు.

"ఆపు," అంది కుసుమకుమారి.

"ఎవరండి మీరు?"

"ఆపమన్నాను కదా, తరువాత అడుగు."

వరండాలోంచి నాగవంశీ దిగి వచ్చాడు. ట్రైనీగా ఉన్నప్పుడు పంచనామా ఎలా రాయాలో ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది. ఇబ్బందంతా అక్కడే.

"రండి కుసుమక్కా. యూనిఫాం విప్పేసినా దురద తగ్గలేదా?"

"తగ్గిందయ్యా. నీ పంచనామా చదివాక మళ్ళీ మొదలైంది. ఎడమ చక్రం గురించి పేజీన్నర రాశావు. కుడి చక్రం ఊసే లేదు."

"ఊడింది ఎడమది. కుడిది బాగానే ఉంది."

"కింద దూరి చూశావా?"

అతను ఇస్త్రీ చొక్కా కేసి ఒకసారి చూసుకున్నాడు.

"ఇంత తొందరగా కారును ఎందుకు వదిలేస్తున్నావు?"

"ఇంటివాళ్ళు తుక్కుకి వేసేస్తామని రాసిచ్చారు. ఫోటోలు తీసుకున్నాం, రిపోర్టు వచ్చింది. మనిషిని పొట్టన పెట్టుకోబోయిన బండి ఎవరి కళ్ళముందు ఉండాలక్కా? మీకు మెకానిక్కు ఫీజు ఇచ్చాడని ఇనుముకి కూడా నోరు వస్తుందా?"

"వస్తుందేమో చూద్దాం."

ఆమె అబ్బులుకేసి తిరిగింది. బక్కపలచటి మనిషి. ఈ కారును తిరుమలరావుకు అమ్మిన బ్రోకరు అతనే. అమ్మిన తరువాత రెండుసార్లు గ్యారేజీకి వచ్చి వెనక్కి ఇచ్చేస్తారా అని అడిగినవాడూ అతనే అని దారిలో షబ్నం చెప్పింది.

"అమ్మిన కారు మళ్ళీ ఎందుకడిగావు?"

"నాకేటి సరదానా అండి? ఎవరో పార్టీ ఫోను సేసాడు. ఎంతైనా ఇత్తాను, ఆ నీలం కాంటెసా కావాలన్నాడు. పేరు సెప్పలేదు. తిరుమలరావుగారు ససేమిరా అన్నారు. నాను ఒగ్గీసాను."

"ఈ కారు నీకెక్కడిది?"

"శ్రీకాకుళం అవతల రైసుమిల్లు గోడౌన్లో పడుంటే తెచ్చాను. అంతకుముందు ఎవరిదో నాకేటి తెల్సు."

"తుక్కుకి తీసుకెళ్ళమని నీకెవరు చెప్పారు?"

"ఆళ్ళింటోళ్ళేనండి. రాణమ్మగారి నంబరు. మాటాడింది మాత్రం మగమనిషి. ఆస్పత్రి నుంచి మాటాడతన్నాం, బేగి తీసుకెళ్ళి నుజ్జు సేయించీ అన్నారు. డబ్బులు కూడా వొద్దన్నారు." అబ్బులు తల గోక్కున్నాడు. "అదే నాకూ ఇచిత్రం అనిపించింది. ఎనకాల ఏదో మిషను హోరు. సరిగా ఇనబడనే లేదు."

"ఆస్పత్రిలో మిషను హోరా?"

"నాకూ అలగే అనిపించిందండి. ఫోను ఎట్టీసారు."

ఆమె కారు తలుపు తీసి చూసింది. అద్దం పగిలిపోయినా అప్పన్న పటం చెక్కుచెదరలేదు. పటం ముందు అరచందమామలాగా మైనం మచ్చ ఉంది. కడియం లేదు.

"ఇక్కడ వెండిముక్క ఒకటి ఉండాలి."

"మాకేమీ దొరకలేదు," అన్నాడు నాగవంశీ. "విలువైనవి ఇంటివాళ్ళు ఆ రోజే వచ్చి తీసుకెళ్ళారు."

"పర్సు తీసుకెళ్ళారా?"

"లేదు. పర్సు సీటు కింద ఉంటే మేమే తీసి ఇచ్చాం."

"పర్సు వదిలేసి విరిగిన వెండిముక్క పట్టుకెళ్ళారన్నమాట," అంది ఆమె మెల్లగా. నాగవంశీ ఆ మాట విననట్టు గడియారం చూసుకున్నాడు.

ఆమె చీరకొంగు నడుముకు దోపింది. అబ్బులు దగ్గర గోనెపట్టా అడిగి కింద పరిచింది. లేపిన కారు జారకుండా చెక్కదిమ్మెలు పెట్టించి, వెల్లకిలా పడుకుని కుడి చక్రం వెనక్కి జరిగింది. షబ్నం సెల్‌ఫోను లైటు పట్టుకుంది.

కింద నుంచే కుసుమకుమారి పిలిచింది.

"సీఐ గారూ, రా."

"నేనా?"

"నువ్వే. నేను చెబితే నువ్వు నమ్మవు. నువ్వు చూస్తే నేను చెప్పనక్కర్లేదు."

అబ్బులు నవ్వు ఆపుకోవడానికి మొహం తిప్పుకున్నాడు. నాగవంశీ టోపీ తీసి బోనెట్టు మీద పెట్టి, పళ్ళు నూరుకుంటూ పక్కన దూరాడు.

"ఇదిగో నట్టు. పిన్ను ఉందా?"

"లేదు. రెండూ మరిచిపోయాడన్నమాట. ఇంకా మంచిది."

"తొందరపడకు. వేలితో నట్టు తిప్పు."

నాగవంశీ తిప్పాడు. పానా అవసరం లేకుండానే తిరిగింది. అతని మొహం మారింది.

"అటుపక్కన మిగతా నట్లు చూడు. ప్రతిదానిమీదా ఎర్ర గీత ఉంది కదా? గోటితో గీకు. వచ్చిందా?"

"రాలేదు."

"అది ఈ పిల్ల అమ్మే గోళ్ళరంగు. నజీర్ పిన్ను పెట్టాకే ఆ గీత గీస్తాడు. ఇప్పుడు ఈ నట్టు చూడు. కింద ఇనుము మీద సగం గీత ఇక్కడ ఉంది. నట్టు మీద మిగిలిన సగం ఎక్కడుంది?"

"అటువైపు తిరిగిపోయింది. సగం చెరిగింది."

"నజీర్ బిగించిన తరువాత ఎవరో పానా వేశారు. ఎడమవైపూ అలాగే వేశారు. వేసిన వెంటనే ఊడదు, రాడ్డు కొస ఇరుకు కన్నంలో బిగిసి ఉంటుంది. కొన్ని మలుపులు ఓర్చుకుని అప్పుడు వదిలేస్తుంది. ఇక ఇనుముకి నోరు వచ్చే చోటు చూపిస్తాను. నట్టు మీద ఈ ముందువైపు ఏముంది?"

ఒక చిన్న బొట్టు. గుండ్రంగా, శ్రద్ధగా పెట్టినది. ఎరుపు కాదు. నారింజ కాదు. రెండింటికీ మధ్య, పాలు కలిపినట్టు లేత రంగు.

కుసుమకుమారి చూపుడువేలి కొసతో దాని అంచు తాకింది. మెత్తగా అంటుకుంది. వాసన చూసింది. గ్రీజు కంపులోంచి సన్నగా మంచిగంధం.

"ఇది నూనెలో తడిపిన ఆంజనేయస్వామి సింధూరం, అందుకే ఆరలేదు," అంది. "అందులో అప్పన్న చందనం కలిపారు. సింధూరం పెట్టుకునేవాళ్ళు ఉన్నారు, చందనం పెట్టుకునేవాళ్ళు ఉన్నారు. రెండూ కలిపి పెట్టుకునే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు."

"గుడిలో పూజ రోజున పెట్టిందేమో."

"ఆ రోజు పెట్టి ఉంటే, నట్టుతో పాటు ఇది కూడా అటు తిరిగిపోవాలి. ఇది సరిగ్గా పాత గీత ఉన్న చోటే ఉంది. నట్టు తిరిగిన తరువాత పెట్టారు."

"నజీరే పెట్టి ఉండొచ్చుగా."

"నజీర్‌కు అది గోళ్ళరంగని తెలుసు. గీత చెరిగితే సీసా తెచ్చి మళ్ళీ గీస్తాడు. దాన్ని దేవుడి బొట్టు అనుకున్నవాడే బొట్టు పెడతాడు. తిరుమలరావు పూజ రోజున చుట్టాలందరికీ అలాగే చెప్పాడు. వాళ్ళలో ఒకడు పానా వేశాడు. వేస్తే బొట్టు చెరిగింది. చెరిగిన బొట్టును అలాగే వదిలి వెళ్ళడానికి అతనికి చెయ్యి రాలేదు."

"మనిషిని చంపడానికి చెయ్యి వచ్చింది, బొట్టు చెరపడానికి రాలేదా? ఏం మాట్లాడుతున్నారక్కా?"

నిజానికి ఆ ప్రశ్నే ఆమెనూ తొలుస్తోంది. చీకట్లో కారు కింద పడుకుని, ఒక చేత్తో చావు పెట్టి, మరో చేత్తో బొట్టు పెట్టిన మనిషి. ఆ క్షణంలో ఏమని దండం పెట్టుకున్నాడు? స్వామి ఏమని విన్నాడు?

ఇద్దరూ బయటికి వచ్చారు. నాగవంశీ చొక్కా వీపు నల్లబడింది. అతను చాలాసేపు టోపీ దులుపుకున్నాడు.

"కారును రేపటిదాకా ఆపుతాను," అన్నాడు. "నజీర్‌ను ఆపలేను. ఐదుకి తీసుకొస్తారు. బొట్టు పేరు చెప్పి మనిషిని వదిలానంటే నన్ను చూసి నవ్వుతారు. మీరు పేరు తెండి. పేరు తెస్తే, మీరన్నచోట సంతకం పెడతాను."

"సంతకం ఎక్కడ పెట్టాలో నీకు నేర్పింది నేనే కదా," అంది ఆమె. ఈసారి ఆ మాటలో వెటకారం లేదు. "ఒక్క పని చెయ్యి. నా ఫోను వస్తే మాత్రం ఆలస్యం చెయ్యకు."

షబ్నం ఆమె చేతికి తడిగుడ్డ అందించబోయింది. కుసుమకుమారి వేలి కొసను చూసుకుని వద్దంది. ఎక్కడిదైనా, ఎవరు పెట్టినదైనా, స్వామి బొట్టును గుడ్డకు తుడిచే అలవాటు ఆమెకు లేదు. ఇంటికెళ్ళి కుళాయి కింద కడుక్కోవాలి అనుకుంది.

*

షబ్నంను తండ్రి దగ్గరికి పంపి కుసుమకుమారి ఒక్కతే ఆస్పత్రికి బయలుదేరింది. దారి పొడుగునా ఆమె అనుమానం రాణి చుట్టూనే తిరిగింది. తుక్కు వాడికి ఫోను వెళ్ళింది రాణి నంబరు నుంచి. కారులోంచి కడియం తీసుకుపోయింది ఇంటివాళ్ళు. భర్త కారును సవతిలా చూసే ఆడవాళ్ళు లేరా? పక్కన ఉండి మాట్లాడిన ఆ మగమనిషి ఎవరు?

తిరుమలరావును ఆ ఉదయమే ఐసీయూ నుంచి పక్క గదికి మార్చారు. రాణి గుమ్మం బయట బల్ల మీద కూర్చుని ఉంది. రెండు రోజులుగా దువ్వని జుట్టు, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళు. ఆ ముఖం చూడగానే కుసుమకుమారి తన అనుమానాన్ని కొంచెం పక్కకు జరిపింది. పూర్తిగా మాత్రం వదల్లేదు.

"మీ ఫోను ఒకసారి ఇస్తారా అమ్మా?"

"నా దగ్గర లేదండి. ఆ రోజునుంచీ అన్నియ్య దగ్గరే ఉంది. ఎవరు సేసినా ఏడుపొచ్చేత్తంది, నాను మాటాడలేకపోతన్నాను. అన్నీ మా సింహాద్రన్నియ్యే సూసుకుంటన్నాడు. పొద్దున్న కూడా అలగే పట్టుకుని ప్లాంటుకెళ్ళొచ్చాడు."

"ఏ ప్లాంటు?"

"ఐసు ప్లాంటండి. హార్బర్లో. మాదే."

మిషను హోరు. కుసుమకుమారి బల్ల మీద రాణి పక్కనే కూర్చుంది. గొంతు మామూలుగా ఉండేలా చూసుకుంది.

"కొండకు వెళ్ళే ముందురోజు రాత్రి కారు ఎక్కడుంది?"

"అన్నియ్య ఇంట్లోనే భోజనాలు. కారు బయటుంటే ఉప్పుగాలికి తుప్పట్టీద్దని, ప్లాంటు షెడ్డులో తనే ఎట్టించాడు."

"కారంటే ఆయనకూ ఇష్టమేనా?"

"మొదట్లో తెగ నవ్వీవాడు, మా బావ ముసిలి కారు కొన్నాడని. ఒకరోజు ఈయన పక్కన కూకుని, దేవుడి పటానికి దండమెట్టుకుని, అలగే బిగుసుకుపోయాడు. కళ్ళు తిరిగాయన్నాడు. అప్పటినుంచి అమ్మీ బావా, అమ్మీ అని ఒకటే పోరు." రాణి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఈయనకి ఆ కారు పిచ్చి పట్టించింది అన్నియ్యేనండి. మా పెళ్ళి ఊరేగింపు అన్నియ్య తెల్ల కాంటెసాలోనే. పెళ్ళికూతురికంటే కారునే ఎక్కువ సూసాడని మా వదిన ఏడిపించీది. ఏడాది తిరక్కుండా అన్నియ్య అది ఎవరికో అమ్మీసాడు. తుప్పట్టింది అన్నాడు. ఈయన మాత్రం మర్చిపోలేదు. ఇన్నేళ్ళకి అలాంటిదే దొరికిందని సిన్నపిల్లాడిలాగా..."

అలాంటిది కాదు తల్లీ, అదే. ఆ మాట కుసుమకుమారి నాలుక దాకా వచ్చి ఆగింది. నీలం కింద తెలుపు. పుట్టీ కింద నొక్కు. సింహాద్రి గోడౌనులో పడేసి రంగు మార్చి దూరం చేసుకున్న కారు, పాతికేళ్ళకు తన చెల్లెలి మొగుడి చేతుల్లో బాగుపడి, రోజూ ఊరంతా తిరుగుతూ, సన్యాసమ్మ కడియం ముందుపెట్టుకుని ఇంటికి వచ్చింది.

"నేను ఆయన్ని ఒకసారి చూడొచ్చా?"

గదిలో మందుల వాసన. తిరుమలరావు కళ్ళు మూసుకుని ఉన్నాడు. నెత్తికి కట్టు. ఆ కట్టుకు కింద, కనుబొమల మధ్య, చిన్న గుండ్రటి బొట్టు. ఎరుపు కాదు, నారింజ కాదు. పాలు కలిపినట్టు లేత రంగు.

కుసుమకుమారి మంచం మీదికి వంగి చూసింది.

"ఈ బొట్టు ఎవరు పెట్టారమ్మా?"

"అన్నియ్యే. రోజూ పూజ సేసి తెచ్చి ఎడతన్నాడు. సింధూరంలో అప్పన్న సందనం తనే కలుపుకుంటాడు. ఊళ్ళో ఇంకెవరూ అలగ ఎట్టుకోరు." రాణి గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. "దాని మహిమేనేమోనండి, మధ్యాన్నం తెలివొచ్చింది. ఒక్క మాటే అన్నాడు. 'షెడ్డులో... కడియం, బావ తీసాడు' అన్నాడు. నాకేటీ అర్థం కాలేదు. అన్నియ్యకి సెప్పాను."

"చెప్పారా?"

"ఆఁ. ఆ దెబ్బకి అన్నియ్య ఇంకా కంగారుపడిపోయాడు. ఇక్కడ వైద్యం సాలదు, హైదరాబాదు తీసుకెళ్ళిపోదామన్నాడు. అంబులెన్సు మాటాడ్డానికే కిందకెళ్ళాడు. అందులో ఒక్కరికే సోటంట. తనే దగ్గరుండి తీసుకెళ్తానన్నాడు. నన్ను రేపు బస్సుకి రమ్మన్నాడు."

కుసుమకుమారి సంచీలో ఫోను కోసం చెయ్యి పెట్టింది. నాగవంశీ నంబరు నొక్కి, ఫోను బయటికి తియ్యకుండా సంచీలోనే వదిలేసింది. "రాణమ్మా, మీ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోండి. ఎవరు ఏం చెప్పినా వదలకండి. మీ అన్నయ్య చెప్పినా సరే," అంది.

రాణి తెల్లబోయి చూసింది. అడగబోయింది. అంతలో నడవలో స్ట్రెచరు చక్రాల చప్పుడు వినిపించింది.

తలుపు తెరుచుకుంది. ముందు ఇద్దరు వార్డుబాయ్‌లు, వాళ్ళ వెనక తెల్ల లుంగీ, తెల్ల చొక్కా, చేతికి తావీదు కట్టుకున్న భారీ మనిషి. నుదుట లేత రంగు బొట్టు. కొత్త మనిషిని చూసి నిదానంగా నవ్వాడు. పెద్దమనిషి తరహాలో రెండు చేతులూ జోడించాడు.

"నమస్తే అమ్మా. నా పేరు సింహాద్రి. తమరెవరో..."

కుసుమకుమారి చేతులు కూడా అలవాటుగా ఎదురు లేచాయి.

సింహాద్రి మాట సగంలో ఆగిపోయింది. నవ్వు అలాగే ఉంది కానీ, కళ్ళు ఆమె ముఖం మీద లేవు. జోడించిన ఆమె చేతుల్లో, చూపుడువేలి కొస మీద ఉన్నాయి. అక్కడ గ్రీజు మరకల మధ్య ఇంకా ఆరని తన దేవుడి బొట్టును ఆయన గుర్తుపట్టాడు.

వెనక్కి చెయ్యి చాచి, తలుపు గడియ నెమ్మదిగా వేశాడు.